ఎంగిలి తాళం

సువర్చలకు మనుషులంటే పెద్దగా గౌరవం లేదు. వానపాములంటే ఉంది. వానపాము కమిటీలు వెయ్యదు, వాట్సాప్‌లో శుభోదయాలు పెట్టదు, తిన్నదాన్ని ఎరువు చేసి మాట్లాడకుండా తన దారిన పోతుంది అని ల్యాబులో తన దగ్గర పనిచేసేవాళ్ళతో పదకొండేళ్ళుగా అంటూనే ఉంది.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున హరితవనం క్లబ్బు హాల్లో గాజుతొట్టి ముందు పెట్టుకుని, పద్దెనిమిదిమంది కమిటీ సభ్యులకు నమస్కారం పెట్టవలసి వచ్చింది. హరితవనం అంటే విశాఖ ఊరి చివర ఒక కొండని సగానికి చెక్కి కట్టిన నాలుగువందల పన్నెండు ఫ్లాట్లు. చెక్కిన కొండ మీద చెట్టన్నది మిగల్లేదు గనక పేరులో వనం పెట్టుకున్నారు. సువర్చల కాపురమూ అందులోనే, బి బ్లాకు ఏడో అంతస్తులో. సంఘానికి అధ్యక్షుడు ఆవిడ భర్త చిదంబరం. పోర్టులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఆజ్ఞాపించడానికి ఓడలు దొరక్క ఇరుగుపొరుగు మీద పడ్డాడు.

తడిచెత్త గేటు దాటి బయటికి రాకూడదని, ఎవరి చెత్త వాళ్ళే ఎరువు చేసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి నెల దాటింది. తడిచెత్త బండి రావడం మానేసింది. కమిటీ మూడుసార్లు సమావేశమై, మూడుసార్లూ సమోసాలు తిని, చివరికి అధ్యక్షుడి భార్య చేసేది పురుగుల పనే కదా అని గుర్తు తెచ్చుకుంది.

"చూడండి" అంది సువర్చల. ఒక ఇడ్లీని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని నాలుగుసార్లు నమిలి, చెంచాలోకి తీసి తొట్టిలో ఎడమవైపు వేసింది. రెండో ముక్క అలాగే కుడివైపు పెట్టింది. ముందు వరసలో ఇద్దరు మొహాలు తిప్పుకున్నారు.

తొట్టిలో మట్టి కదిలింది. ఎర్రటి పురుగులు వందల కొద్దీ పైకి వచ్చి ఎడమవైపు మూగాయి. సంఘంలో పూజ తోట చూసుకునే హైమావతి గారి చేతిలో కాఫీ చల్లారేలోగా ఆ నమిలిన ముక్క మాయమై, దాని చోట తేయాకు పొడిలాంటి నల్లటి ఎరువు మిగిలింది. కుడివైపు ముక్క మల్లెపువ్వులా తెల్లగా అలాగే ఉంది. దాని మీదుగా పాకినవి కూడా దాన్ని ముట్టుకోలేదు.

"అదేమిటమ్మా, దీన్ని తినవా?" అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

"తినవు. నేను మొదట తయారుచేసిన పురుగులు అన్నీ తినేవి. ఒకసారి తొట్టి పగిలి పొలంలో పడి, రెండెకరాల వేరుశనగని వేళ్ళతో సహా తినేశాయి. అందుకని వీటికి తాళం వేశాను. మనిషి నోటి తడి తగిలితే తప్ప వీటి కడుపు తెరుచుకోదు. పొలంలోకి పారిపోయినా ఆకలితో చస్తాయి. నిలబడి ఉన్న పంటకి ఎంగిలి ఉండదు కదా."

"ఎంగిలి తాళం అన్నమాట!" అని చిదంబరం భార్య తెలివిని తనే కనిపెట్టినట్టు అందరివైపూ చూశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

హైమావతి గారు కాఫీ పక్కన పెట్టి లేచారు. "అంతా బాగానే ఉందమ్మా. ఈ ఎరువు మన పూజ తోటకేనా? ఆ పువ్వులు దేవుడికి పెట్టేవి మరి."

సువర్చలకు ఒళ్ళు మండింది. ప్రపంచంలో ఎవరూ చెయ్యని పని చేసి చూపిస్తే ఈవిడ అడిగే ప్రశ్న ఇదా అనుకుంది. "ఆ, దేవుడికే. మీరు శుభ్రమైన చెత్త వెయ్యండి, మీకు శుభ్రమైన ఎరువు ఇస్తాను" అంది వెటకారంగా.

ఆ వెటకారం హాల్లో ఒక్కరికీ అర్థం కాలేదు. చిదంబరం మాత్రం కాగితం మీద రాసుకున్నాడు.

సువర్చలకు నలభై రోజుల గడువిచ్చారు. తర్వాత పైనుంచి పరిశీలకులు వస్తారు. హరితవనం చెత్త హరితవనంలోనే కరిగిపోతే ఈ పురుగులు ఊళ్ళన్నిటికీ వెళతాయి. కరక్కపోతే, మనిషి తయారుచేసిన జీవాలు గనక, నియమం ప్రకారం సున్నపు నీళ్ళు పోసి ఒక్కటి మిగలకుండా చంపెయ్యాలి. విత్తనానికి కూడా ఉంచకూడదు. పదకొండేళ్ళ పని ఆ నలభై రోజుల మీద ఆధారపడి ఉంది.

వెనక గోడ పక్కన రేకుల షెడ్డు వేసి, పన్నెండు సిమెంటు తొట్లు కట్టించి, పురుగుల్ని వదిలారు. షెడ్డు ఊడ్చి తొట్లు తడపడానికి నరసమ్మను పెట్టారు. గోడకి అవతల ఉన్న పేటలో ఉంటుంది. నలభై అయిదేళ్ళ మనిషి, గట్టి పిండం, మాట కూడా అంతే గట్టి.

నాలుగో రోజున నరసమ్మే ముందు చెప్పింది. "డాక్టరమ్మా, నీ పురుగులకి ఒంట్లో బాగునేదేటి? ఏటీ ముట్టట్లేదు."

సువర్చల తొట్లు చూసింది. మూతలు తీసీ తియ్యగానే వాసన గుప్పుమంది. పులిహోర, గారెలు, ఒక మూలంతా పనీరు కూర, పుట్టినరోజు కేకు సగం, దాని మీద ఎవరో పాప పేరు క్రీముతో రాసి ఉన్నది రాసినట్టే ఉంది. పురుగులు అడుగున మట్టిలో చుట్టలు చుట్టుకుని పడి ఉన్నాయి.

లిఫ్టు దగ్గర అంటించిన కాగితం చదివితే గాని విషయం బోధపడలేదు. 'పచ్చడబ్బాలో శుభ్రమైన చెత్త మాత్రమే వేయవలెను. ఎంగిలి పదార్థములు నల్లడబ్బాలో వేయవలెను. ఎరువు భగవంతుని తోటకు వినియోగింపబడును. ఇట్లు, అధ్యక్షులు.'

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్త ముందు ఆ కాగితం పెట్టింది.

"నువ్వన్నదే కదా! శుభ్రమైన చెత్త అన్నావు" అన్నాడు చిదంబరం.

"ఎగతాళికి అన్నానండీ! ఎంగిలి లేకపోతే అవి తినవని కళ్ళతో చూశారు కదా, పద్దెనిమిదిమందీ!"

"చూశాం. తాళంచెవి నీ దగ్గర ఉంటుందనుకున్నాం. తాళం వేసినవాళ్ళ దగ్గరేగా తాళంచెవి ఉండేది. ఏదో మందు చల్లుతావనుకున్నాం."

"పోనీ, రేపటినించి కంచాల్లోది పచ్చడబ్బాలో వెయ్యమనండి."

చిదంబరం ముద్ద ఆపి భార్యని జాలిగా చూశాడు. "హైమావతి గారు ఊరుకుంటారా? దేవుడికి మన ఎంగిలి పెడతామా? నల్లడబ్బాది ఎలాగూ గోడవతల పోయించేస్తున్నాం, ఆ గొడవ నీకెందుకు?"

నాలుగువందల పన్నెండు ఇళ్ళ కంచాలు గోడవతల నరసమ్మ వాళ్ళ పేటలోకి పోతున్నాయన్నమాట. అదీ వీళ్ళ శుభ్రత. సువర్చలకు నవ్వొచ్చింది, కానీ నవ్వితే వచ్చేదేమీ లేదు. ల్యాబులో ప్రయోగాలన్నీ విద్యార్థుల హాస్టలు మెస్సు చెత్తతో చేసింది. హాస్టల్లో కంచంలోది పారేస్తారు. ఇక్కడ గిన్నెలోది పారేస్తున్నారు. వేడివేడిగా వండుకుని, ఎవరూ గరిట కూడా పెట్టకుండా, నిన్నటిదైందని పారేస్తున్నారు. పురుగు కడుపులో ఏ రసం ఎప్పుడు ఊరుతుందో కొలిచిన మనిషికి పక్కింటి చెత్తడబ్బా మూత ఎత్తి చూడాలని తోచలేదు.

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళి, ఏదో గుర్తొచ్చి, తన పచ్చడబ్బా మూత ఎత్తింది. నిన్నటి దోసకాయ పప్పు గిన్నెలోంచి బోర్లించినది బోర్లించినట్టే ఉంది. బోర్లించింది తనే. మూత వేసేసింది.

తర్వాత వారం రోజులు ఆవిడ పడని పాట్లు లేవు. నోటి తడిలో ఉండే రసాన్నే సీసాల్లో తెప్పించి పోసింది. పురుగులు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. దొంగ తాళంచెవులకి లొంగకుండా, నేరుగా మనిషి నోట్లోంచి వచ్చిన తడికే కడుపు తెరుచుకునేలా చేసింది ఆవిడే. ఆ తెలివికి అప్పట్లో ఒక సభలో శాలువా కూడా కప్పారు. చివరికి షెడ్డులో స్టూలేసుకుని తనే నమిలి ఊయడం మొదలుపెట్టింది. రెండు గంటలకి దవడలు పట్టేశాయి. ఒక తొట్టిలో ఒక మూల కరిగింది. ఈలోగా బళ్ళలో ఆ రోజు చెత్త వచ్చి పడింది.

పదమూడో రోజున తొట్లలో పురుగులు సగానికి సగం చచ్చిపోయాయి.

"ఇంత చిన్నదానికి ఏడుస్తావేమిటి?" అన్నాడు చిదంబరం. ఆవిడ ఏడవటం ఆయన ముప్ఫై ఏళ్ళలో రెండోసారి చూడటం. "మన గోడవతల ఎంతమంది ఆడవాళ్ళు లేరు? కొరికి ఊయడానికి డిగ్రీ కావాలా? ఆరుగుర్ని పెట్టుకో. పూటకి మూడు గంటలు."

"వాళ్ళ ఎంగిలైతే దేవుడికి ఫరవాలేదా?"

"ఎవరికి తెలుస్తుంది? తెలియనిదానికి దోషం లేదు. కానీ ఒకటి. మింగకూడదని గట్టిగా చెప్పు. రుచి మరిగారంటే పురుగులకి మిగలదు."

ఆ మాటకి సువర్చల ఆయన్ని లేచి దులిపెయ్యాలి. కూడు లేని ఇళ్ళ ఆడవాళ్ళ నోట్లో గారె పెట్టి, నమిలి ఉమ్మమని, మింగితే తప్పనే మనిషితో ముప్ఫై ఏళ్ళు ఎలా కాపురం చేశానా అని ఆ క్షణాన అనుకుంది కూడా. కానీ కళ్ళ ముందు సున్నపు నీళ్ళు కనిపించాయి. "సరే" అంది.

నరసమ్మకి చెప్పేటప్పుడు ఆవిడ మొహం కాక తొట్టి చూస్తూ చెప్పింది.

"నమిలి ఊసెయ్యాలా? మింగకుండానా?" అంది నరసమ్మ.

"అవును."

"మింగితే ఏటవుద్దమ్మా?"

"పురుగులకి తక్కువవుతుంది."

నరసమ్మ చీపురు గోడకి ఆనించింది. "అలగే కానియ్యమ్మా. ఆటి కూడు మామెందుకు తినాల" అంది.

షెడ్డులో పొడుగాటి బల్ల వేశారు. పొద్దున పదింటికి నరసమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు దాని ముందు కూర్చునేవారు. ఎడమచేతివైపు పచ్చడబ్బా, కుడిచేతివైపు స్టీలు బేసిన్. ముద్ద నోట్లో పెట్టుకోవడం, పదిసార్లు నమలడం, బేసిన్లో ఊయడం. బేసిన్ నిండగానే తొట్లో కలిపేవారు. చిదంబరం తన వంతుగా ఒక కెమెరా తెచ్చి బల్లకి ఎదురుగా బిగించాడు. ముసలివాళ్ళు మాత్రలు మింగారో లేదో కనిపెట్టడానికి వచ్చిన యంత్రం అది. గొంతులో గుటక పడితే చాలు, కీచుమంటుంది. దాన్ని అటు తిప్పి ఇటు వాడొచ్చని కనిపెట్టినందుకు ఆయనకి రెండు రోజులు నిద్ర పట్టలేదు.

మొదటి రోజు కెమెరా మాటిమాటికీ కీచుమంది. బూరెల డబ్బా వచ్చిన రోజున మరీను. ఆరుగురిలో చిన్నది నోరు మూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాలుగైదు రోజులకి అందరికీ అలవాటైంది. వారం తిరిగేసరికి కెమెరా పాడైందేమోనని చిదంబరం వచ్చి చూసుకున్నాడు. అది బాగానే ఉంది. గొంతులే కదలడం మానేశాయి.

పురుగులు లేచాయి. తొట్లు సాయంత్రానికల్లా ఖాళీ అవుతుంటే సువర్చల గోడ మీద గీతలు పెట్టుకుంటూ చిన్నపిల్లలా మురిసిపోయింది. నల్లటి ఎరువు తోటకి పోయింది. మందారాలు విస్తళ్ళంతేసి విచ్చుకున్నాయి. హైమావతి గారు నందివర్ధనాలు సజ్జ నిండా కోసుకుని షెడ్డు ముందాగి, "ఎంత పవిత్రమైన ఎరువమ్మా నీది! పువ్వు ముట్టుకుంటేనే తెలుస్తోంది" అన్నారు. రేకుల లోపల ఆరు నోళ్ళు నములుతున్న చప్పుడు ఆవిడకి వినిపిస్తూనే ఉండి ఉండాలి. ఏమిటని అడగలేదు. అడిగితే తెలుస్తుంది, తెలిస్తే దోషం.

ఇరవై తొమ్మిదో రోజున సువర్చల నరసమ్మని సరిగ్గా చూసింది. పురుగులు తప్ప ఇంకేదీ కంటికి ఆనని మనిషికి ఆ మాత్రం ఆలస్యం సహజమే. నరసమ్మ బుగ్గలు లోపలికి పోయాయి. రవికె భుజాల మీంచి జారుతోంది.

"ఏమైంది నీకు? జ్వరమా?"

"ఏటీ నేదమ్మా."

మధ్యాహ్నం మిగతావాళ్ళు వెళ్ళిపోయాక సువర్చల తన టిఫిన్ డబ్బా తెరిచి పెరుగన్నం, మాగాయ ముక్క నరసమ్మ ముందు పెట్టింది. "ఇది పురుగులది కాదు. నీకోసం. తిను" అంది.

నరసమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. పదిసార్లు నమలగానే, ఆవిడ ప్రమేయమే లేనట్టు, తల కుడివైపుకి తిరిగింది. ముద్ద బేసిన్లో పడింది.

ఇద్దరూ ఆ బేసిన్‌కేసి చూశారు.

"ఇలగే అవుతందమ్మా" అంది నరసమ్మ మెల్లగా. "గంజయితే దిగుతాది. కూడు దిగదు. నానే ఊసేత్తన్నానా అంటే కాదు, నోరు దానంతటదే ఊసేత్తంది. మొన్న మా కూతురు గుంట ఆస్పత్రి డ్యూటీ నుంచొచ్చి సేపల పులుసు వండింది. పెళ్ళయినాక మొదటిపాలి నా ఇంట్లో వండిందమ్మా. దాని ఎదురుగానే ఊసేసినాను. అమ్మా, అంత బాగునేదా అని అడిగింది. దానికేటని సెప్పాల?"

ఏ రసం ఎక్కడ ఊరుతుందో, ఏ నరం ఎప్పుడు బిగుస్తుందో సువర్చలకి బాగా తెలుసు. పొద్దుటనించి మూడు గంటలపాటు, రోజూ, నమిలినదాన్ని మింగొద్దని గొంతుకి నేర్పితే గొంతు నేర్చుకుంటుంది. పురుగుకి వేసిన తాళం ఈ మనిషికి పడింది. దానికి మాత్రం తాళంచెవి తయారుచెయ్యలేదు. ఆవిడకి సిగ్గేసింది. నరసమ్మ డబ్బా మూత పెట్టి, తుడిచి, వెనక్కిచ్చింది.

సాయంత్రం చిదంబరం వంకాయ బజ్జీలు తింటూ అంతా విన్నాడు. "మంచి డాక్టరుకి చూపిద్దాం. పాపం, పనిమంతురాలు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూపిద్దాం" అన్నాడు.

"పని ఆపేద్దామండీ."

"ఆపు. నీ పురుగులే, నీ ఇష్టం. ఇంకా పదకొండు రోజులుంది."

సువర్చల రెండు రోజులు ఆలోచించింది. అంటే, రెండు రోజులు పని ఆపలేదన్నమాట. మొగుడి మొహం చూస్తే అసహ్యమేసినంతగా ఆ రెండు రోజులూ అద్దంలో తన మొహం చూసినా వేసింది. అయినా పొద్దున పదింటికి షెడ్డు తాళం తీస్తూనే ఉంది.

మూడో రోజున నరసమ్మ రాలేదు. మిగతా అయిదుగురూ రాలేదు. కబురంపితే, తమకీ ముద్ద దిగటం కష్టమవుతోందని, ఇంక రామని జవాబొచ్చింది. చిదంబరం గోడ మీంచి కేకలేయించాడు. ఎక్కువిస్తామన్నాడు. ఎవరూ తొంగి చూడలేదు.

ఎనిమిది రోజులు తొట్లు కంపు కొట్టాయి. పురుగులు ఒక్కొక్కటే చచ్చాయి. సువర్చల తన నోటితో నమిలి ఒక్క గాజుతొట్టిని బతికించుకుంది. పరీక్ష ముందు రోజున దానికి కూడా పెట్టలేదు. ఆవిడ మనసులో ఒక నిర్ణయానికి వచ్చింది.

నలభయ్యో రోజున ముగ్గురు పరిశీలకులు వచ్చారు. షెడ్డు ముందు షామియానా వేశారు. వేడుకంతా రికార్డు కావాలని చిదంబరం షెడ్డులోని కెమెరాని బయటికి చూసేలా తిప్పించాడు. ఆకు పరిచిన పళ్ళెంలో బూరెలు పేర్చారు. అది పురుగులకి పెట్టే భోజనం. ముందు పూజ తోట చూపించారు. పరిశీలకుల్లో పెద్దాయన ఒక మందారాన్ని ఫోటో తీసుకున్నాడు. కంపు కొట్టే తొట్ల మీద ముందే కార్పెట్లు కప్పేశారు, వాటి మీద కుండీలు పెట్టారు. ఆ తర్వాత గాజుతొట్టి దగ్గరికి వచ్చారు. కమిటీ పద్దెనిమిదిమందీ వెనక నిలబడ్డారు.

"నా భార్య ఇప్పుడు ప్రయోగం చేసి చూపిస్తుంది" అన్నాడు చిదంబరం.

సువర్చల బూరె అందుకోలేదు. చేతులు కట్టుకుంది. "నేను చెయ్యను. చెత్త మీది. ఎంగిలి కూడా మీదే అయి ఉండాలి. ఎవరో ఒకరు వచ్చి ఒక బూరె కొరికి ఇందులో వెయ్యండి. అప్పుడు ఈ పురుగులు బతికేది లేనిది తెలుస్తుంది" అంది.

పద్దెనిమిదిమంది ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు.

"ఏమండీ, మీరు రండి. అధ్యక్షులు కదా."

చిదంబరం నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళు తప్ప ఏమీ లేవు. "ఇవాళ ఏకాదశి. నేను ఉపవాసం."

"హైమావతి గారూ?"

"రామరామ! నా ఎంగిలి స్వామి తోటకా? పాపం మూటగట్టుకోమంటావా తల్లీ?"

పరిశీలకుడు వాచీ చూసుకున్నాడు. తొట్టిలో పురుగులు కదలడం లేదు. సున్నపు నీళ్ళ డ్రమ్ము షెడ్డు వారనే ఉంది, ముందుజాగ్రత్తగా తెప్పించారు. సువర్చల డ్రమ్ము వైపు చూసింది. అయినా చెయ్యి కదపలేదు. పదకొండేళ్ళలో చెయ్యాల్సిన పని ఇదొక్కటే చేశానేమోనని కూడా అనిపించింది.

సరిగ్గా అప్పుడు వెనక గేటు తలుపు తీసుకుని నరసమ్మ వచ్చింది. షెడ్డులో ఉండిపోయిన తన చీపురూ, స్టీలు గ్లాసూ తీసుకుపోదామని వచ్చింది. జనాన్ని చూసి ఆగింది. మనిషి సగమైంది.

చిదంబరం మొహం వెలిగిపోయింది. "అదుగో! మా దగ్గర శిక్షణ పొందిన మనిషి సార్. నరసమ్మా, ఇలా రా. ఒక్కసారి చేసి చూపించు అయ్యగారికి."

"ఏటి సెయ్యాల బాబూ?"

"అదే, రోజూ చేసేదే. కొరుకు, ఊసెయ్. అంతే."

హైమావతి గారు ఆయన చెవి దగ్గరికి వంగి, "ఈ తొట్టిలోది తోటకి వెయ్యరుగా?" అన్నారు. "ఛఛ, ఇది నమూనాకండీ" అన్నాడాయన.

నరసమ్మ తొట్టి దగ్గరికి వచ్చింది. బూరెల వైపు చూడలేదు. ముందు చిదంబరాన్ని చూసింది. తర్వాత హైమావతి గారిని, వాళ్ళ వెనక దాక్కున్న పెద్దమనుషుల్ని వరసగా చూసింది. చివరికి సువర్చలను చూసింది. ఆవిడ దగ్గర చూపు మరి కాస్త ఎక్కువసేపు ఆగింది.

"థూ!" అని ఊసింది నరసమ్మ తొట్టిలోకి.

మట్టి బద్దలైనట్టు లేచింది. రోజంతా పస్తున్న పురుగులు ఎర్రగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ఆ తడి కోసం గాజు అంచుదాకా పొంగాయి. పరిశీలకులు ముగ్గురూ ముందుకి వంగారు. "అద్భుతం!" అన్నాడు పెద్దాయన. ముందు ఆయన చప్పట్లు కొట్టాడు, ఆ తర్వాత కమిటీ అంతా కొట్టింది. హైమావతి గారు సజ్జ చంకలో పెట్టుకుని మరీ కొట్టారు. చిదంబరం అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్య నరసమ్మ ఆకు మీంచి ఒక బూరె తీసుకుంది. కొరికింది. నమిలింది. పదిసార్లయింది. తల కుడివైపుకి తిరగబోయి, ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

షెడ్డులోంచి కెమెరా కీచుమంది.

నరసమ్మ కళ్ళు తెరిచి ఇంకో ముక్క కొరుక్కుని, చీపురు, గ్లాసు చంకన పెట్టుకుని, తింటూ గేటువైపు నడిచింది. కెమెరా ఇంకోసారి కీచుమంది. "దాన్నెవరైనా ఆపండయ్యా, అతిథులున్నారు" అన్నాడు చిదంబరం చప్పట్లు ఆపకుండానే.

సువర్చల ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. పమిట చెంగు తీసుకుని, తడి ఏమీ లేని మొహం తుడుచుకుంది.